వెటర్నరీ అసిస్టెంట్ ప్రాథమిక శిక్షణ: వరంగల్ వైపు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా చేరాలనుకునేవాళ్ళు, ఊళ్ళోనే ఉండి పశువుల పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు మొదటి వారంలో మమ్మల్ని అడిగేవి ఇక్కడ రాశాం. జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఉదాహరణలు కూడా అటువైపు బర్రెలవీ జీవాలవే (గొర్రెలు, మేకలు).

ఈ శిక్షణ అయిపోతే నేను ఊళ్ళో వైద్యం చేయొచ్చా?

చేయకూడదు. అందరికన్నా ముందు ఈ ప్రశ్నే వస్తుంది, అందుకే ముందే చెప్తున్నాం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు బి.వి.ఎస్సీ చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టర్లదే. డిప్లొమా గానీ, ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్ గానీ ఉన్నవాళ్ళు కొన్ని చిన్న సేవలు చేయొచ్చు. అదీ రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన మేరకు, డాక్టర్ పర్యవేక్షణలో, ఆయన చెప్పినట్టు.

పరిచయ స్థాయి శిక్షణలో నేర్చుకునేది వేరే. పశువును భయపెట్టకుండా పట్టుకోవడం, దాన్ని గమనించడం, గమనించింది డాక్టర్‌కు సరిగ్గా చెప్పడం, కొట్టం శుభ్రంగా ఉంచడం, మనకు దెబ్బ తగలకుండా, రోగం అంటకుండా చూసుకోవడం. 'ఇంతేనా' అని మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళు ఉంటారు. బర్రె కదులుతుంటే ఎంత పెద్ద డాక్టరైనా నరానికి సూది వేయలేడు. వేయగలిగాడంటే అవతల ఎవరో దాన్ని బాగా పట్టుకున్నారన్నమాట.

మరి డిప్లొమా, గోపాలమిత్ర, ఇవన్నీ ఏంటి? నేను దేనికి వెళ్ళాలి?

పదో తరగతి అయిపోయి, సర్కారు కొలువు మీద కన్నుంటే రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా మంచి దారి. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద మామునూరు, కరీంనగర్ లాంటి చోట్ల ఈ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. సీట్లు పాలీసెట్ ర్యాంకుతో వస్తాయి. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదువుకోండి, పోయినేడు చేరిన అన్న చెప్పింది పట్టుకుని కూర్చోవద్దు.

గోపాలమిత్రలు ఊరూరా తిరిగి కృత్రిమ గర్భధారణ చేస్తారు. వాళ్ళ శిక్షణ వేరు, ఎంపిక వేరు. డాక్టర్ కావాలంటే ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత ఐదున్నరేళ్ళ బి.వి.ఎస్సీ. మామునూరులోనే పశువైద్య కళాశాల ఉంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. నోటిఫికేషన్లలో 'వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్' అని కనిపిస్తే అది డాక్టర్ పోస్టు. 'అసిస్టెంట్' అనే మాట చూసి దరఖాస్తు డబ్బులు కట్టి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇవేవీ కాకుండా ప్రైవేటు క్లినిక్‌లో, డెయిరీ ఫారంలో, కోళ్ళ ఫారంలో, కుక్కల బోర్డింగ్‌లో పని చేయాలన్నా, సొంతంగా జీవాలు పెంచాలన్నా పరిచయ శిక్షణ పనికొస్తుంది. డిప్లొమాకు పోయేవాడికి కూడా ఇది ముందే వస్తే మొదటి ఏడాది టెన్షన్ తగ్గుతుంది.

మొదటి రోజే ఇంజెక్షన్ నేర్పిస్తారా?

లేదు. తాడు నేర్పిస్తాం. మొదటి వారమంతా పగ్గం, తలుగు, ముక్కుతాడు, మోకు, వీటితోనే.

బర్రె దగ్గరికి ఎలా పోవాలి? చిన్నప్పటి నుంచి ఇంట్లో బర్రెలున్నాయి, మళ్ళీ నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి. ఇంట్లో బర్రెకు మీ వాసన తెలుసు, గొంతు తెలుసు. ఆసుపత్రికి వచ్చే బర్రెకు మీరెవరో తెలియదు. అది అప్పటికే ట్రాలీలో ఊగుతూ వచ్చి, స్పిరిట్ వాసన పీల్చి, పక్కన ఇంకో పశువు అరుపు విని బెదిరి ఉంటుంది.

పశువు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది గానీ, సరిగ్గా వెనక ఉన్నది కనపడదు. ముక్కు ముందు కొంచెం జాగా కూడా కనపడదు. అందుకే తోక వైపు నుంచి చప్పుడు చేయకుండా పోతే అది తన్నుతుంది. తప్పు దానిది కాదు. పక్క నుంచి, భుజం వైపుగా, నెమ్మదిగా మాట్లాడుతూ పోవాలి. ఏం మాట్లాడినా ఫర్వాలేదు, గొంతు ఒకే తీరుగా ఉండాలి. ముందు మెడ మీదో భుజం మీదో చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే కావాల్సిన చోటికి జరపాలి. చెయ్యి తీసి మళ్ళీ ఉన్నట్టుండి పొదుగు దగ్గర పెడితే ఉలిక్కిపడుతుంది.

గుర్రం వెనక్కి తన్నుతుంది. ఆవు, బర్రె కాలును ముందుకు తెచ్చి పక్కకు విసురుతాయి. అంటే డొక్క పక్కన నిలబడ్డవాడు కూడా ఆ కాలికి అందుతాడు. నిలబడితే భుజానికి ఆనుకుని నిలబడాలి, లేదా కాలు అందనంత దూరంలో ఉండాలి. సగం దూరంలో నిలబడ్డవాడికే దెబ్బ గట్టిగా తగులుతుంది.

గోడకీ బర్రెకీ మధ్యలో దూరవద్దు. కొమ్ముల బర్రె తల ఊపే జాగాలో మీ తల పెట్టవద్దు. దూడ ఉన్న తల్లి దగ్గర, ముఖ్యంగా ఈనిన మొదటి రోజుల్లో, దూడకూ తల్లికీ నడుమ నిలబడవద్దు. దున్నపోతును, కోడెను ఎంత మచ్చికైనా నమ్మవద్దు. ముక్కుతాడు ఒకరి చేతిలో ఉండగానే ఇంకొకరు పని చేయాలి.

ఎండాకాలం బర్రె సంగతి వేరే. చెమట గ్రంథులు తక్కువ, నల్లటి తోలు, అందుకే ఎండకు తట్టుకోదు. మిట్టమధ్యాహ్నం నడిపించుకొచ్చిన బర్రె రొప్పుతుంటే ముందు నీడకు కట్టి, నీళ్ళు పోసి, నిమ్మళించాక పట్టుకోండి. మే నెలలో భూపాలపల్లి ఎండలో నిలబెట్టి జ్వరం చూస్తే రోగం లేని బర్రెకూ జ్వరం కనిపిస్తుంది.

ముడి వేయడంలో అంత నేర్చుకోవాల్సింది ఏముంది?

రెండు సంగతులు. మెడకు వేసే ముడి ఎప్పుడూ బిగుసుకుపోయేది కాకూడదు. జారుముడి మెడకు వేసి గుంజకు కడితే, పశువు కాలు జారి పడ్డప్పుడు ఉరి పడుతుంది. రెండోది, గుంజకు కట్టే ముడి కొసను ఒక్క లాగు లాగితే ఊడిపోవాలి. పశువు పడిపోయి గిలగిలా కొట్టుకుంటుంటే కొడవలి కోసం వెతుక్కునే టైం ఉండదు. ఈ రెండు ముళ్ళూ కళ్ళు మూసుకుని వేయగలిగేదాకా వేయిస్తాం.

తాడు చేతికి చుట్టుకోవద్దు. పశువు ఉరికితే వేళ్ళు పోతాయి. ఇది చెప్పిన అరగంటకే ఎవడో ఒకడు చుట్టుకుని నిలబడతాడు.

ఆసుపత్రిలో ట్రెవిస్ అనే ఇనుప చట్రం ఉంటుంది. చూడి పరీక్ష, సూది, గాయానికి కట్టు, ఏదైనా అందులో నిలబెట్టి చేస్తే అందరికీ మంచిది. చట్రం లోపలికి కొట్టుకుంటూ తోలితే రెండోసారి ఆ పశువు ఆసుపత్రి గేటు కూడా దాటదు. ముందు కొంచెం పచ్చగడ్డి చూపించి నడిపించండి.

పశువును కింద పడేయడం కూడా నేర్పిస్తారా?

చూపిస్తాం, పక్కన ఉండి తాడు పట్టిస్తాం. మెడకు ఒక ముడి, ముందుకాళ్ళ వెనక ఒక చుట్టు, పొదుగు ముందు ఒక చుట్టు వేసి, వెనక నుంచి ఇద్దరు ముగ్గురు నెమ్మదిగా లాగితే పశువు తనంతట తానే కూర్చుని ఒరుగుతుంది. సుమారు పన్నెండు మీటర్ల మెత్తటి మోకు కావాలి. గచ్చు మీద చేయవద్దు. ఇసుకో గడ్డో పరిచిన చోటే చేయాలి. నిండు కడుపుతో ఉన్నదాన్ని, చూడిదాన్ని పడేయాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి. పడ్డాక తల పట్టుకునేవాడే అందరికన్నా ముఖ్యం, తల లేవకపోతే పశువు లేవలేదు. నోట్లోంచి నీళ్ళు, మేత వెనక్కి పోకుండా మూతిని కిందికి వంచి ఉంచాలి. పని కాగానే బోర్లా, ఛాతీ మీద కూర్చోబెట్టాలి. అలాగే పక్కకు వదిలేస్తే కడుపు ఉబ్బుతుంది.

గొర్రెలు, మేకలు పట్టుకోవడం తేలికే కదా?

గొల్ల కురుమల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు తేలికే. ఈ విషయంలో వాళ్ళ దగ్గర మేమే నేర్చుకుంటాం. మిగతావాళ్ళు చేసే తప్పు ఒకటే, గొర్రె వెంట పరిగెత్తడం. గొర్రె మందను వదిలి ఉండలేదు. ఒక్కదాన్ని విడదీసి తరిమితే బెదిరి కంచెకు గుద్దుకుంటుంది. మంద మొత్తాన్ని మెల్లగా ఒక మూలకు తోలి, అందులోంచి కావాల్సినదాని గదువ కింద ఒక చెయ్యి, వెనక తొడ దగ్గర ఇంకో చెయ్యి వేసి ఆపాలి. ఉన్ని పట్టి లాగవద్దు. దక్కనీ నల్ల గొర్రెకు ఉన్ని ఉంటుంది కదా అని పట్టుకుంటారు, దాని కింద తోలు కమిలిపోతుంది. మేకను చెవి పట్టుకుని లాగవద్దు. ఒక కాలు పట్టి ఈడ్చవద్దు, కీలు తప్పుతుంది.

గిట్టలు చూడాలంటే గొర్రెను వెనకభాగం మీద కూర్చోబెట్టి, వీపు మీ కాళ్ళకు ఆనించుకోండి. అలా కూర్చున్న గొర్రె చాలాసేపు కదలదు. చూడి గొర్రెను మాత్రం అలా కూర్చోబెట్టవద్దు.

మందలో రోగం గుర్తించడం కూడా పట్టుకోవడంలో భాగమే. పొద్దున దొడ్డి తెరిచినప్పుడు చివర బయటికొచ్చేదాన్ని చూడండి. ముక్కు కారుతోందా, పారుతోందా, కుంటుతోందా, పెదవుల మీద పుండ్లున్నాయా. పీపీఆర్ (ముక్కు కారి, పారే అంటురోగం), నీలి నాలుక, బొబ్బ రోగం, చిటుక రోగం, అన్నీ ముందు ఆ వెనకబడ్డ గొర్రెలోనే కనిపిస్తాయి. చిటుక రోగమైతే గమనించే టైం కూడా ఇవ్వదు. తొలకరి పడి లేతగడ్డి మేసిన రోజుల్లో బాగా తిన్న గొర్రే ముందు పడిపోతుంది. అందుకే దానికి టీకా వానలకు ముందే వేయాలి.

కుక్కలంటే నాకు భయం. వాటి దగ్గరికి పోకుండా ఈ పని చేయొచ్చా?

ఊళ్ళో చేయొచ్చు. హనుమకొండలో, కరీంనగర్‌లో క్లినిక్ పని కావాలంటే కుదరదు. అక్కడ సగానికి పైగా కుక్కలే వస్తాయి.

కుక్కను కళ్ళలోకి సూటిగా చూడవద్దు, మీదకు వంగవద్దు. పక్కకు తిరిగి కూర్చుని, దాన్నే మీ దగ్గరికి రానివ్వండి. తోక ఊపుతోంది కదా అని నమ్మవద్దు. గట్టిగా పైకెత్తి బిర్రుగా ఊపే తోక, ఒళ్ళంతా బిగుసుకోవడం, పెదవి కొస లేవడం, మీ వైపు చూడకుండా కళ్ళ తెల్లగుడ్డు చూపించడం, ఇవి కరవబోయే ముందు కనిపించేవి. గుర్రుమన్న కుక్కను కొట్టవద్దు. కొట్టి ఆ అలవాటు మాన్పిస్తే ఇంకోసారి చెప్పకుండానే కరుస్తుంది.

గాజ్ గుడ్డతో (గాయానికి కట్టే పలచటి బట్ట) మూతికట్టు వేయడం నేర్పిస్తాం. ముక్కు మీదుగా ఒక చుట్టు, గదువ కింద ఒక మలుపు, చెవుల వెనక ముడి. వాంతి చేసుకుంటున్న కుక్కకు, ఊపిరాడక రొప్పుతున్నదానికి, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది వేయకూడదు. యజమాని 'మా టామీ ఏమీ అనదు సార్' అంటే సరే అని నవ్వి మూతికట్టు వేయండి.

పిల్లికి పెద్ద తువ్వాలు చాలు. కోడిని రెక్కలు పట్టి వేలాడదీయకుండా, రొమ్ము కింద అరచెయ్యి పెట్టి, కాళ్ళు వేళ్ళ మధ్య పట్టుకోండి.

జ్వరం, నాడి, ఊపిరి చూడటం నేర్పుతారా? ఎంత ఉంటే మామూలు?

నేర్పుతాం. తాడు తర్వాత పెద్ద పాఠం ఇదే.

థర్మామీటరును కిందికి విదిలించి, కొంచెం నూనె రాసి, పేడలో గుచ్చకుండా పేగు గోడకు ఆనేలా వాలుగా పెట్టాలి. రెండు నిమిషాలు పట్టుకునే ఉండాలి. వదిలేస్తే లోపలికైనా పోతుంది, కిందపడి పగిలైనా పోతుంది. ఆవు, బర్రెల్లో 101 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. గొర్రె, మేకల్లో 102 నుంచి 103 దాకా ఉంటుంది. కుక్కలో 101 నుంచి 102.5. కోడిలో 106 ఉన్నా అది జ్వరం కాదు.

ఆవు నాడి తోక మొదలు కింద, నడుమ గాడిలో దొరుకుతుంది. నిమిషానికి 60కి అటూఇటూ. గొర్రె, మేక, కుక్కల్లో తొడ లోపలి వైపు చూడాలి. ఊపిరి దూరం నుంచే డొక్క కదలిక చూసి లెక్కపెట్టాలి. దగ్గరికి పోయి లెక్కపెడితే మిమ్మల్ని చూసిన బెదురుకే పెరుగుతుంది. చల్లని పూట పెద్ద పశువుకు నిమిషానికి 15 నుంచి 30.

ఇంకొకటి, పిడికిలి బిగించి ఎడమ డొక్క గుంటలో ఆనించి పెట్టండి. లోపల పెద్ద కడుపు కదిలి మీ పిడికిలిని పైకి నెడుతుంది. రెండు నిమిషాల్లో రెండు నుంచి నాలుగు సార్లు రావాలి. ఒక్కసారి కూడా రాలేదంటే పశువు నెమరు ఆపేసిందని అర్థం, డాక్టర్‌కు వెంటనే చెప్పాల్సిన మాట అది. ఎడమ డొక్క డప్పులా ఉబ్బి, పశువు నాలుక బయట పెట్టిందంటే ఇంకేమీ లెక్కపెట్టకుండా ఫోన్ చేయండి.

రైతును ఏం అడగాలి?

'ఏమైంది' అని అడిగితే 'మేత తింటలేదు' అంటాడు. దాదాపు అన్ని రోగాలకూ ఆ జవాబే. అందుకని చిన్న ప్రశ్నలు అడగండి. ఎప్పటి నుంచి? నెమరు వేస్తోందా? పేడ ఎలా ఉంది, గట్టిగానా, పారుతోందా, నల్లగానా? మూత్రం రంగు? పాలు తగ్గాయా? ఎన్ని రోజుల కింద ఈనింది? మాయ పడిందా? ఇంకే పశువుకైనా ఇలాగే ఉందా? ఎవరైనా ముందే మందు పోశారా?

చివరి ప్రశ్నకు చాలామంది లేదంటారు. రెండోసారి నెమ్మదిగా అడిగితే నిజం చెప్తారు.

కొన్ని ప్రశ్నలు మన దగ్గరే అడగాల్సినవి. 'నిన్న ఊళ్ళో పెళ్ళి గానీ, దావత్ గానీ ఉండెనా?' అని అడగండి. మిగిలిన అన్నం బకెట్లకొద్దీ పెడితే కడుపులో పులుపెక్కి పశువు పడిపోతుంది. 'జొన్న చేలో మేసిందా?' అని అడగండి. కోసిన మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకలు, వానల్లేక వాడిన లేత చొప్ప తింటే నాము కమ్ముతుంది. అందులోని సైనైడ్ విషం నిమిషాల లెక్కన పని చేస్తుంది, దానికి విరుగుడు డాక్టర్ నరానికి వేయాలి. పత్తి చేలలో మేసిందా, పురుగుమందు కొట్టిన గట్టు గడ్డి కోశారా అన్నది కూడా వదలకూడదు.

రాసుకోండి. ఫోన్‌లో 1962కు చెప్పేటప్పుడు ఈ నోట్సు చూసి చెప్తే బండిలో వచ్చే డాక్టర్‌కు దారిలోనే సగం బోధపడుతుంది. సంచార పశువైద్య బండ్లు తెలంగాణలో 2017 నుంచి ఈ నంబరు మీద తిరుగుతున్నాయి.

మందు తాపడం తేలికే కదా, గొట్టంతో పోయడమే?

చూడటానికి తేలిక. మన దగ్గర గొట్టంతో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిన పశువులు చాలా ఉన్నాయి. తల ఎత్తి, నాలుక బయటికి లాగి పోస్తే అది మింగలేదు, మందు గాలిగొట్టంలోకి దిగుతుంది. మూతి కళ్ళ ఎత్తుకు మించి లేపవద్దు. నాలుక వదిలేయండి. పెదవి పక్క సందులోంచి కొంచెం కొంచెం పోసి, మింగిందని చూసుకుని మళ్ళీ పోయండి. దగ్గితే వెంటనే తల వదిలేయండి. పడిపోయి స్పృహ లేని పశువుకు నోట్లో ఏదీ పోయకూడదు, నీళ్ళు కూడా.

నట్టల మందుకు బరువు తెలియాలి. కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి, తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిర్ర ఎముక దాకా పొడవుతో గుణించి 660తో భాగించండి. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే దాదాపు 272 కిలోలు. కంటితో చూసి 'మూడు క్వింటాళ్ళుంటది' అనేవాళ్ళకంటే ఇదే దగ్గరగా ఉంటుంది.

ఇంతకీ ఇంజెక్షన్ ఎప్పుడు?

చివర్లో. అప్పుడు కూడా సిరంజి నింపడం, మందు పేరు, గడువు తేదీ పైకి చదివి డాక్టర్‌కు వినిపించడం, ఒక్కో పశువుకు ఒక్కో సూది, వాడిన సూదిని డబ్బాలో వేయడం, ఇవే. కండకు వేసే చోటు మెడ. పిర్రకు వేస్తే నరం దెబ్బతిని కాలు ఈడ్చే ప్రమాదం ఉంది.

నరానికి ఎక్కించేది మీ పని కాదు, ఎవరు బతిమాలినా సరే. ఈనిన రెండు మూడు రోజుల్లో పాడి బర్రె చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పి కూలబడితే పాలజ్వరం అని ఊళ్ళో అందరికీ తెలుసు, కాల్షియం సీసా ఎక్కిస్తే లేస్తుందనీ తెలుసు. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగుతుందని మాత్రం తెలియదు. డాక్టర్ వచ్చేదాకా మీరు చేయాల్సింది దాన్ని ఛాతీ మీద నిలకడగా కూర్చోబెట్టి, పక్కకు ఒరగకుండా గడ్డిమూటలు ఆనించడం.

టీకాల క్యాంపులో మా పని ఏంటి?

పశువును పట్టడం, పన్నెండు అంకెల చెవి ట్యాగు నంబరు తప్పు లేకుండా చదవడం, ఐస్ బాక్సు కాపలా. ఎక్కువ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గాలికుంటు టీకా గడ్డకడితే పనికిరాదు, కాబట్టి ఐసుకు ఆనించి పెట్టవద్దు. పీపీఆర్ టీకా పొడిని దాని ద్రావణంతో కలిపాక ఐసు మీదే ఉంచి త్వరగా వాడేయాలి. మధ్యాహ్నం భోజనానికి పోయి వచ్చి మిగిలింది వేస్తే అది నీళ్ళతో సమానం. బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయే రోగం) టీకా బతికున్న సూక్ష్మజీవితో చేసింది. మీ వేలికి గుచ్చుకుంటే మీకే రోగం రావచ్చు. దాని దగ్గర గ్లోవ్స్, కళ్ళద్దాలు లేకుండా నిలబడవద్దు.

పశువుల నుంచి మాకు ఏమైనా అంటుతాయా?

అంటుతాయి. ఈ జవాబు పెద్దది, పూర్తిగా చదవండి.

రేబీస్ అనగానే కుక్క గుర్తొస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆవు, బర్రెల నుంచి కూడా భయమే. పిచ్చి కుక్క కరిచిన బర్రె కొన్ని వారాలకు నురగ కారుస్తుంది, మింగలేదు, గొంతు మారి అదేపనిగా అరుస్తుంది. రైతు 'గొంతుల ఏదో అడ్డం పడ్డది' అంటాడు. పక్కనున్నవాడు చెయ్యి లోపల పెట్టి వెతుకుతాడు. ఆ చేతికి చిన్న గీత ఉంటే చాలు. నురగ కారుస్తూ మింగలేకపోతున్న ఏ పశువు నోట్లోనూ డాక్టర్ చూడకముందు చెయ్యి పెట్టకండి. ఉత్త చేత్తో పెట్టినవాళ్ళు, కరిపించుకున్నవాళ్ళు సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడుక్కుని అదే రోజు వరంగల్ ఎంజీఎంకో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. పనిలో చేరకముందే రేబీస్ ముందస్తు టీకా మూడు డోసులు వేయించుకోవాలి: మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. ధనుర్వాతం టీకా కూడా.

దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, మన జిల్లాకు కొత్తది కాదు. 2021లో దుగ్గొండి మండలంలో గొర్రెలు దీనితో చచ్చాయి. నిన్న బాగున్న జీవం పొద్దున చచ్చి పడి, ముక్కులోంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, తినవద్దు. కోసి గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని నేలలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. డాక్టర్‌కు చెప్పి, లోతుగా గుంట తీసి, సున్నం పోసి పూడ్చాలి. 'ఇరవై వేల పొట్టేలు, పూడ్చమంటవా' అని అడుగుతారు. పూడ్చమనే చెప్పాలి.

బ్రూసెల్లా నెమ్మదిగా పట్టుకుంటుంది. నెలలు నిండకుండా ఈసుకుపోయిన పశువు మాయను ఉత్త చేత్తో లాగినవాళ్ళకు వస్తుంది. వచ్చి పోయే జ్వరం, కీళ్ళనొప్పులు, నెలల తరబడి. పశువైద్యంలో ఉన్నవాళ్ళు ఎందరో తెలియకుండానే దీన్ని మోశారు. భుజం దాకా గ్లోవు, తర్వాత సబ్బు. పచ్చిపాలు తాగవద్దు.

నొప్పికి డైక్లోఫెనాక్ వేయమని రైతులే అడుగుతారు, వేయొచ్చా?

పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు. అది వేసిన పశువు చస్తే, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. దేశంలో రాబందులు కళ్ళ ముందే మాయమైంది ఇందువల్లే. ఆసిఫాబాద్ జిల్లాలో బెజ్జూరు అడవి వైపు పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి చాలామందికి తెలియదు. కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో నిషేధంలోకి వచ్చాయి. మెలాక్సికామ్ ఉంది, డాక్టర్ రాస్తారు.

ఆడపిల్లలు ఈ పని చేయగలరా?

చేస్తున్నారు. ముల్కనూరు మహిళా డెయిరీ చుట్టుపక్కల ఊళ్ళలో బర్రెల పని ఎవరు చూస్తున్నారో ఒకసారి వెళ్ళి చూడండి. ఈ పనికి బలం కంటే ఓపిక ముఖ్యం. పశువుతో బలం చూపించుకుని గెలిచిన మనిషి లేడు.

రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఏం చేయాలి?

మొదట్లో చాలామందికి అంతే. తినకుండా రావద్దు, తల తిరిగితే చెప్పి గోడకు ఆని కూర్చోండి. చెప్పకుండా నిలబడి బర్రె కాళ్ళ కింద పడటమే ప్రమాదం.

ఊళ్ళో తెలిసినవాళ్ళు 'నువ్వే వేసెయ్, డాక్టర్ ఎందుకు' అంటే?

అంటారు. మేనమామే అంటాడు. 'నాకు రాదు మామా' అంటే నామోషీ అనిపిస్తుంది. అప్పుడు 'ఫోన్ కలుపుతా, డాక్టర్ సార్‌తో మాట్లాడు' అని వెంటనే కలపండి. ఖాళీ మాట చెప్తే ఒప్పుకోరు గానీ, ఫోన్ చేతికిస్తే ఒప్పుకుంటారు. అతని బర్రె ధర ఎంతో, అది పోతే ఊళ్ళో మీ పేరు ఏమవుతుందో మీకే తెలుసు.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. చెప్పులతో వస్తే కొట్టంలోకి రానివ్వం, బర్రె కాలు వేళ్ళ మీద పడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వదులు చున్నీ, మెడలో గొలుసు, ఉంగరం ఇంట్లో పెట్టి రండి. గోళ్ళు కత్తిరించుకోండి. మార్చుకోవడానికి ఒక జత బట్టలు, చిన్న నోట్‌బుక్, సెకన్ల ముల్లున్న చేతి గడియారం. ఫోన్‌లో లెక్కపెట్టొచ్చు కదా అంటారు. ఒక చేత్తో తోక, ఇంకో చేత్తో నాడి పట్టుకున్నప్పుడు ఫోన్ ఎక్కడ పెడతారో చూద్దాం.